రోడ్డు కారు రేసు కారు అవ్వాలంటే: ఆటోనగర్ తాతయ్య ఉత్తరం

పిల్లలూ,

ఒక మంచి స్పోర్ట్స్ కారు తెచ్చి మన షెడ్డులో పెడితే దాన్ని రేసు కారు చేయొచ్చా తాతా అని అడిగారు కదా, చేయొచ్చు. కాకపోతే మీరు రాసిచ్చిన లిస్టు చూశా, మొట్టమొదట టర్బో (ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ కుక్కి పవర్ పెంచేది), తర్వాత సైలెన్సర్, ఆ తర్వాత స్టిక్కర్లు. ఇంజిన్ జోలికి అన్నిటికంటే చివర్లో పోవాలిరా. ముందు లోపల కూర్చున్నోడు బతకాలి, తర్వాత బండి ఆగాలి, తర్వాత తిరగాలి, ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే స్పీడ్ సంగతి చూద్దాం.

స్పానర్ పట్టుకునే ముందు రూల్స్ చదవాలి. మన దేశంలో కార్ రేసులకి ఎఫ్ఎంఎస్‌సిఐ అని ఒక ఫెడరేషన్ ఉంది, ఏ క్లాసులో ఏం మార్చొచ్చు ఏం మార్చకూడదు అన్నీ రాసి పెడతారు, అది చూడకుండా పని మొదలెడితే బండి బ్రహ్మాండంగా తయారవుద్ది కానీ ఏ రేసులోనూ ఎక్కించుకోరు. పరిగెత్తించేది ఎక్కడంటే మద్రాసు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, కోయంబత్తూరులో 2.1 కిలోమీటర్ల కారి స్పీడ్‌వే ఉంది. ఆ కారి అంటే కరివర్ధన్ గారి పేరు. ఆయన మారుతి 800 ఇంజిన్ పెట్టి ఫార్ములా మారుతి అని రేసు కార్లు కట్టించాడు, ఫార్ములా వన్ దాకా పోయిన మన నరైన్ కార్తికేయన్ కూడా వాటి మీదే మొదలెట్టాడు. మారుతి ఇంజిన్‌రా బాబూ, టర్బో కాదు.

ఇక పని. మొదట ఊడబీకుడే. సీట్లు, కార్పెట్లు, డోర్ ప్యాడ్లు, రూఫ్ లైనింగ్, మ్యూజిక్ సిస్టమ్, వాటి వైరింగ్, ఎయిర్‌బ్యాగులు, స్టీరింగ్ లాకు కూడా తీసేస్తారు, నడుస్తుండగా స్టీరింగ్ లాక్ పడితే ఇంకేమైనా ఉందా. ఫ్లోర్ మీద సౌండ్ రాకుండా తారు షీట్లు అంటించి ఉంటాయి, గీకితే ఒక పట్టాన రావు, వాటి మీద డ్రై ఐస్, అంటే గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్ గ్యాసు, పోస్తే గట్టిపడి పెళుసెక్కుతాయి, అప్పుడు సుత్తితో కొడితే పెచ్చులు పెచ్చులుగా లేచొస్తాయి. మైనస్ 78 డిగ్రీలు ఉంటది అది, ఉత్త చేత్తో ముట్టుకోకూడదు, షెడ్డు షట్టర్లు తెరిచి చేయాలి, లేకపోతే ఆ గ్యాసుకి ఊపిరాడదు. బరువు తగ్గితే బ్రేకుకీ టైరుకీ ఇంజిన్‌కీ అన్నిటికీ ఒకేసారి మేలు, పైగా ఖర్చు లేని పని.

తర్వాత రోల్ కేజ్, అంటే బండి బోల్తా కొట్టినా డ్రైవర్ నలగకుండా లోపల కట్టే ఇనప పైపుల బోను. దీని దగ్గర కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే మన ఆటోనగర్లో వెల్డింగ్ తెలిసినోళ్లు వీధికి పది మంది ఉంటారు, అందరూ నేను చేసిపెడతా అంటారు. గేట్లకీ గ్రిల్స్‌కీ వాడే పైపు అతుకు ఉన్న పైపు, ఈఆర్‌డబ్ల్యూ అంటారు, అది పనికిరాదు. అంతర్జాతీయ సంఘం ఎఫ్ఐఏ రూలు ప్రకారం అతుకు లేని, కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ కార్బన్ స్టీల్ ట్యూబ్ కావాలి, డ్రైవర్ వెనకాల నిలబడే మెయిన్ హూప్ అనే పెద్ద వంపు పైపుకి 45 ఎంఎం పైపు 2.5 ఎంఎం మందం, లేదా 50 ఎంఎం పైపు 2 ఎంఎం మందం. వేడి చేసి వంచకూడదు, బెండింగ్ మెషిన్ మీద చల్లగానే వంచాలి, వంపు దగ్గర పైపు చప్పిడి పడకూడదు. కేజ్ కాళ్లు పల్చటి ఫ్లోర్ రేకు మీద డైరెక్టుగా పెడితే బోల్తా కొట్టినప్పుడు రేకుని చీల్చుకుని కిందకి దిగిపోతాయి, అందుకే హూప్ ప్రతి కాలు కింద 3 ఎంఎం ప్లేటు, అదీ 120 చదరపు సెంటీమీటర్లకి తగ్గకుండా వేయాలి. లారీ బాడీ కట్టే మేస్త్రి చెయ్యి ఎంత మంచిదైనా సరే, ఈ లెక్కలు తెలిసినోడు పక్కన ఉండి చేయించాల్సిందే. కేజ్ తర్వాత బకెట్ సీటు, ఆరు పట్టీల బెల్టు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, బయట నుంచి కూడా కరెంటు కట్ చేసేలా ఒక స్విచ్చి, దాని పక్కన నీలం త్రికోణంలో ఎర్ర మెరుపు గుర్తు. యాక్సిడెంట్ అయితే పరిగెత్తుకొచ్చే మార్షల్‌కి, అంటే ట్రాక్ సిబ్బందికి, అది కనపడాలి మరి.

ఇప్పుడు బ్రేకులు. నాకు ఇష్టమైన సబ్జెక్ట్, మీకు బోర్ కొట్టినా రాస్తా. 60లో పోయే కారుని ఆపితే ఎంత వేడి పుడుతుందో 180లో పోయే కారుని ఆపితే దానికి 3 రెట్లు కాదు, 9 రెట్లు పుడుతుంది. రోడ్డు మీద ఎప్పుడో ఒకసారి గట్టిగా తొక్కుతాం, ట్రాక్ మీద ప్రతి రౌండులోనూ నాలుగైదు సార్లు తొక్కాలి, డిస్కు చల్లారే టైమే ఉండదు. శ్రీశైలం ఘాట్ దిగే లారీల దగ్గర కమురు వాసన వస్తది చూడండి, అదే కథ. బ్రేక్ ఆయిల్ మామూలు డాట్ 4 రకం అయితే కొత్త డబ్బా 230 డిగ్రీల దాకా తట్టుకోవాలని లెక్క, కానీ అది గాల్లో తేమ పీల్చుకుంటది, పీల్చుకున్నాక లెక్క 155కి పడిపోద్ది, మన కృష్ణ ఒడ్డున తేమకి లోటేం లేదు కదా. ఆయిల్ మరిగితే అందులో బుడగలు లేస్తాయి, పెడల్ తొక్కితే ఆ బుడగలు నలుగుతాయి తప్ప ప్యాడ్ మీద ప్రెజర్ పడదు, కాలు ఫ్లోర్ దాకా పోద్ది బండి ఆగదు. అందుకే 300 డిగ్రీలు దాటినా మరగని రేసింగ్ ఆయిల్ పోసి తరచూ మారుస్తుంటారు, ఫాగ్ ల్యాంపులు పీకేసి ఆ బొక్కలోంచి హోసు పైపు వేసి డిస్కు మీదకి గాలి కొట్టిస్తారు, ప్యాడ్లు కూడా మారుస్తారు. అయితే ఆ రేసు ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి, చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు, అవి వేసుకుని పొద్దున్నే బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గరకొస్తే ముందు ఆటో వాడికి దండం పెట్టుకోవాలి.

ఇంజిన్ పవర్ పెంచకపోయినా దాన్ని కాపాడుకోవాలి. నిండని బిందె ఆటోలో పెట్టి మలుపు తిప్పితే నీళ్లన్నీ ఒక పక్కకి పోతాయి కదా, పొడుగాటి కార్నర్లో ఇంజిన్ అడుగున ఉండే ఛాంబర్లో ఆయిల్ కూడా అంతే, పక్కకి పోయి పంపు గాలి లాగుద్ది, రెండు క్షణాల్లో బేరింగులు పోతాయి. దానికి ఛాంబర్ లోపల అడ్డపలకలు వెల్డ్ చేయిస్తే చాలావరకు సరిపోద్ది. ఆయిల్ కూలర్, పెద్ద రేడియేటర్ కూడా కావాలి, దక్షిణాదిలో రేసులంటే ఎండలోనే కదా. రేడియేటర్లో కూలెంట్ బదులు నీళ్లే పోయమంటారు చాలా ట్రాకుల్లో, కూలెంట్ కారితే రోడ్డు జారుద్ది, వెనకొచ్చేవాళ్లు పోతారు.

సస్పెన్షన్ గురించి తక్కువే చెప్తా, అది కాగితం మీద నేర్చుకునేది కాదు. కీళ్ల దగ్గరుండే రబ్బరు బుష్‌లు తీసి గట్టివి వేస్తారు, స్ప్రింగులు బిగువైనవి, టైర్లు పైవైపు లోపలికి వాలేలా క్యాంబర్ పెడతారు, ఎందుకంటే మలుపులో బండి ఒరిగినప్పుడు టైరు మొత్తం రోడ్డుకి ఆనాలి. తర్వాత డ్రైవర్ని కూర్చోబెట్టి నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి బరువు సరిచూస్తారు. టైర్ల మీద పెట్టిన రూపాయి ఇంజిన్ మీద పెట్టినదానికంటే ముందు పనిచేస్తది, ఇది మాత్రం రాసి పెట్టుకోండి.

ఇంతా చేశాక దాన్ని బందరు రోడ్డు మీద ఒక రౌండు వేద్దాం అంటారని తెలుసు. కుదరదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చట్టం పక్కన పెట్టినా, కేజ్ ఉన్న కారులో హెల్మెట్ లేకుండా కూర్చోవడం అంటే తల పక్కన ఇనప పైపు పెట్టుకుని కూర్చోవడమే, చిన్న గుద్దుడు చాలు. కాబట్టి ట్రాక్ దాకా ట్రాలీ మీదే పోవాలి, ఆ బాడుగ కూడా లెక్కలో వేసుకోండి.

సీటుకీ బెల్టుకీ ఎక్స్‌పైరీ ఉంటది, లేబుల్ మీద రాసి ఉంటది, కొత్తగా మెరుస్తున్నా డేటు దాటితే రేసుకి ముందు చెకింగ్‌లో వెనక్కి పంపిస్తారు, చవగ్గా వస్తుందని పాతవి కొనకండి. మీకు నిజంగా కావాల్సింది రేసులో నడపడమే అయితే మాత్రం ఇదంతా వద్దు, ఎవరో కట్టి రెండు సీజన్లు తిప్పిన కారు అమ్మకానికి వస్తుంటది, మనం కట్టే ఖర్చులో చాలా తక్కువకి దొరుకుద్ది, కేజ్ కాళ్ల దగ్గర వెల్డింగ్ పగిలిందేమో నేనొచ్చి చూసిపెడతా. లేదు తాతా, కట్టడమే మాకు సరదా అంటారా, అయితే పరీక్షలు అయ్యాక రండి, ఊడబీకే పని మీ చేతే చేయిస్తా.

మీ తాతయ్య
ఆటోనగర్, విజయవాడ