25 దాటితే రింగ్ దిగాల్సిందే: చిగుసా నగాయో కథ వెనక ఒక రాయని నియమం

2024లో డంప్ మత్సుమోతో అనే జపాన్ మహిళా రెజ్లర్ జీవితం మీద నెట్‌ఫ్లిక్స్‌లో ఒక సిరీస్ వచ్చింది. అందులో నటించిన అమ్మాయిల ఫైట్లను దగ్గరుండి చూసుకున్నది చిగుసా నగాయో. అప్పటికి ఆవిడకు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. ఆ కథలో డంప్ చేతిలో గుండు గీయించుకునే పాత్ర కూడా ఆవిడ జీవితంలోంచి వచ్చిందే. ఇంత వయసులోనూ అమ్మాయిలకు రెజ్లింగ్ నేర్పుతున్న ఈ మనిషి, 1989లోనే, 24 ఏళ్ళకే రిటైరైంది. అప్పట్లో అక్కడ రింగ్‌లో ఆడవాళ్ళకు గీసిన గీత 25.

ఆ గీత ఎక్కడా చట్టంలో లేదు. 1968లో మత్సునాగా అన్నదమ్ములు పెట్టిన ఆల్ జపాన్ విమెన్స్ ప్రో రెజ్లింగ్ అనే కంపెనీలో అది ఒక ఆనవాయితీ. పదిహేనేళ్ళకు స్కూలు అయిపోగానే అమ్మాయిలను చేర్చుకునేవారు. కంపెనీ వసతిలోనే ఉండాలి. మందు, సిగరెట్, మగవాళ్ళతో స్నేహం మూడూ నిషేధం. బస్సులో ఊరూరా తిరుగుతూ దాదాపు రోజుకో చోట మ్యాచ్. పాతికేళ్ళు వచ్చేసరికి, ఒక ఏడాది అటూ ఇటూగా, గౌరవంగా ఒక వీడ్కోలు మ్యాచ్ పెట్టి పంపించేసేవారు.

ఇందులో వ్యాపార లెక్క ఉంది. మొదట్లో ఈ ఆటలకు వచ్చింది ఎక్కువగా మగవాళ్ళే. 1976లో జాకీ సాతో, మాకి ఉయెదా కలిసి బ్యూటీ పెయిర్ అనే జట్టుగా వచ్చాక సీన్ మారిపోయింది. వాళ్ళు రింగ్‌లోనే పాట పాడేవారు, ఆ పాట రికార్డు దేశమంతా అమ్ముడుపోయింది. హాళ్ళన్నీ స్కూలు అమ్మాయిలతో నిండిపోయాయి. పద్నాలుగేళ్ళ పిల్ల తనకంటే నాలుగైదేళ్ళు పెద్దదైన అక్కను చూసి పిచ్చిగా అభిమానిస్తుంది. ఆ పిల్ల పెద్దదై ఆటలకు రావడం మానేసేలోపు ఇంకో అక్కను తయారుచేసి పెట్టాలి. కంపెనీ అలాగే ఆలోచించింది. 1979లో ఆ ఇద్దరి మధ్యే, ఓడినవాళ్ళు రిటైర్ కావాలనే షరతుతో టోక్యో బుడోకాన్‌లో మ్యాచ్ పెట్టారు. ఓడిపోయి వెళ్ళిపోయిన మాకికి అప్పుడు 19 ఏళ్ళు. జాకీ కూడా 1981లో, 23 ఏళ్ళకు తప్పుకుంది.

చిగుసా 1964లో నాగసాకి ప్రాంతంలోని ఒమురాలో పుట్టింది. జపాన్‌లో మోటారు పడవల పందేలు మొదలైన ఊరు అది, వాళ్ళ నాన్న కూడా ఆ పందేల రేసరే. చిన్నప్పుడే కరాటే నేర్చుకుంది. 1980 ఆగస్టులో, పదహారేళ్ళు నిండకుండానే రింగ్ ఎక్కింది. డంప్ కూడా అదే ఏడాది వచ్చింది. మొదటి రెండేళ్ళూ చిగుసాను పెద్దగా పట్టించుకున్నవాళ్ళు లేరు. 1983 జనవరిలో అదే కంపెనీలోని లయనెస్ అసుకాతో ఒక మ్యాచ్ పడింది. కంపెనీ అలవాటు చేసిన పద్ధతి పక్కన పెట్టి ఇద్దరూ కాళ్ళతో, చేతులతో నిజంగానే కొట్టుకున్నంత పని చేశారు. చూసినవాళ్ళు లేచి నిలబడ్డారు. ఆ ఏడాదే ఇద్దరూ క్రష్ గాల్స్ అనే జట్టయ్యారు, మరుసటి ఏడాది పాట రికార్డు కూడా వచ్చింది. అసుకాది బలం, టెక్నిక్. చిగుసాది దెబ్బ తినే విద్య. నొప్పిని ముఖంలో చూపించి, హాల్లో చివరి వరుసలో కూర్చున్న పిల్లను కూడా ఏడిపించగలగడం ఆమెకు పుట్టుకతో వచ్చింది. ప్రో రెజ్లింగ్‌లో ఇంతకన్నా గొప్ప నైపుణ్యం లేదని నా నమ్మకం.

దానికి సాక్ష్యం 1985 ఆగస్టు 28, ఒసాకా-జో హాల్. చిగుసాకూ డంప్‌కూ మ్యాచ్. ఓడినవాళ్ళకు గుండు. డంప్ అంటే ముఖాన నల్లరంగు గీతలు, చేతిలో గొలుసు, వెనక ఒక ముఠా. రెఫరీ కూడా వాళ్ళ మనిషే. చిగుసా తల పగిలి రక్తం కారింది. చివరికి కిందపడ్డాక రెఫరీ లెక్క పదికి చేరింది, ఆమె లేవలేదు. రింగ్ మధ్యలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, మిషన్‌తో జుట్టు తీసేస్తుంటే చుట్టూ ఉన్న వేలమంది అమ్మాయిలు వెక్కి వెక్కి ఏడ్చారు. కొందరు కళ్ళు మూసుకున్నారు, కొందరు కంచె మీద పడి అరిచారు. ఆ వీడియో చూస్తే ప్రో రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే అనుకున్నవి కదా అన్న మాట మనకు గుర్తు కూడా రాదు. ఏడాది తర్వాత అదే హాల్లో డంప్ ఓడి గుండు చేయించుకుంది.

ఆ రోజు ఏడ్చిన పిల్లలు పెద్దయ్యాక అడుగుపెట్టబోయే ప్రపంచం ఎలాంటిదో కూడా చూడాలి. పాతికేళ్ళు దాటినా పెళ్ళికాని ఆడపిల్లను ఆ రోజుల్లో జపాన్‌లో "క్రిస్మస్ కేక్" అనేవారు. డిసెంబరు 25 దాటితే ఎవరూ కొనరని అర్థం. ఆఫీసుల్లోనూ అదే ధోరణి. పెళ్ళయితే ఉద్యోగం మానేయాలన్న షరతు చెల్లదని 1966లోనే టోక్యో కోర్టు ఒక సిమెంటు కంపెనీ కేసులో చెప్పింది. మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 55 అని వేరు వేరు రిటైర్మెంట్ వయసులు పెట్టడం తప్పని 1981లో సుప్రీంకోర్టు నిస్సాన్ కేసులో తేల్చింది. ఉద్యోగాల్లో సమాన అవకాశాల చట్టం 1985లో, అంటే చిగుసాకు గుండు గీసిన ఏడాదే పాసైంది. చట్టం ఇంత దూరం వచ్చినా రింగ్‌లో మాత్రం 25 గీత అలాగే ఉంది. ఆనవాయితీకి కాగితం ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు.

శరీరాలు పాతికేళ్ళకే అరిగిపోతాయనే వాదన కూడా ఉండేది. అరిగిపోయేది నిజమే. అదే కంపెనీ రెజ్లర్ జాగ్వార్ యొకోతా భుజం దెబ్బతో 1986లో 24 ఏళ్ళకే ఆగింది. 1987లో అక్కడి ఇంకో రెజ్లర్ అకిరా హొకుతోకు మ్యాచ్ మధ్యలో మెడ ఎముక విరిగితే, తలను రెండు చేతులతో పట్టుకుని ఆట పూర్తి చేసింది. అప్పుడు ఆమెకు 19. రోజూ మ్యాచ్ పెట్టి, విశ్రాంతి ఇవ్వకుండా, అరిగిపోయారు కాబట్టి వెళ్ళిపొమ్మంటే అది వాళ్ళ వయసు తప్పు ఎలా అవుతుంది? హొకుతో ఆ మెడతోనే తిరిగొచ్చి, తన గొప్ప మ్యాచ్‌లన్నీ పాతిక దగ్గరపడ్డాకే ఆడింది.

1988లో డంప్ వెళ్ళిపోయింది. 1989 మేలో యొకొహామా అరీనాలో చిగుసా, ఆగస్టులో అసుకా. దాంతో స్కూలు అమ్మాయిల కాలం ముగిసింది, కంపెనీ ఆశించినట్టు కొత్త అక్క దొరకలేదు. మిగిలినవాళ్ళు బుల్ నకానో, అజా కాంగ్, మనామి తొయోతా లాంటివాళ్ళు. ముద్దొచ్చే ముఖాలని కాదు, ఆట కోసం చూసే ప్రేక్షకులు వాళ్ళకు వచ్చారు. ఇలాంటివాళ్ళను పాతికకి పంపించేస్తే నష్టం ఎవరికి? పైగా 1986 నుంచే పోటీ కంపెనీలు పుట్టుకొచ్చాయి. జాకీ సాతో అక్కడే మళ్ళీ రింగ్ ఎక్కింది, ఇక్కడినుంచి బయటికొచ్చిన డెవిల్ మసామి కూడా ఆ వైపే వెళ్ళింది. బుల్‌కు 1993లో పాతికేళ్ళు నిండాయి, ఆమె ఆడుతూనే ఉంది. మరుసటి ఏడాది టోక్యో డోమ్‌లో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ మహిళల టైటిల్ గెలిచింది. నియమం రద్దయిందని ఎవరూ ప్రకటించలేదు. పాటించడం మానేశారంతే.

1993 ఏప్రిల్‌లో అదే యొకొహామా అరీనాలో చిగుసా, డెవిల్ మసామితో మ్యాచ్‌కి తిరిగొచ్చింది. తను 28, మసామి 31. అయితే తిరిగి ఆడటం కంటే తర్వాత చేసిన పని నాకు పెద్దదనిపిస్తుంది. గాయా జపాన్ అని సొంత సంస్థ పెట్టి, ఏ అనుభవమూ లేని అమ్మాయిలను తెచ్చి, తనే తీర్చిదిద్ది 1995 ఏప్రిల్ 15న టోక్యో కొరాకుయెన్ హాల్లో రింగ్ ఎక్కించింది. మొదటి రోజే ఆ కొత్త పిల్లలు చేసిన పోరాటం చూసి పాత అభిమానులే ఆశ్చర్యపోయారు. వాళ్ళలో నీగాతా నుంచి వచ్చిన మేకో సతోమురాకు పదిహేనేళ్ళు. తర్వాతి ఏళ్ళలో లయనెస్ అసుకా కూడా గాయాకు వచ్చి, మొదట శత్రువుగా, తర్వాత మళ్ళీ జోడీగా నిలబడింది. 2005 ఏప్రిల్‌లో గాయా మూతపడింది. 1997లో దివాళా తీసి ఎలాగో నెట్టుకొస్తున్న ఆల్ జపాన్ విమెన్స్ కూడా అదే నెలలో ఆగిపోయింది. చిగుసా తర్వాత మార్వలస్ అనే ఇంకో సంస్థ పెట్టి మళ్ళీ కొత్తవాళ్ళకు నేర్పడం మొదలుపెట్టింది.

సతోమురా 2006లో సెందాయ్ నగరంలో సెందాయ్ గర్ల్స్ సంస్థ మొదలుపెట్టింది. 2011 సునామీ ఆ ప్రాంతాన్ని ముంచేసినా సంస్థను వదల్లేదు. 2021లో 41 ఏళ్ళ వయసులో డబ్ల్యూడబ్ల్యూఈ (పాత డబ్ల్యూడబ్ల్యూఎఫ్) వాళ్ళ బ్రిటన్ విభాగం ఎన్‌ఎక్స్‌టీ యూకేలో మహిళల చాంపియన్ అయింది. రిటైరవుతున్నానని తనే నెలల ముందు చెప్పి, 2025 ఏప్రిల్ 29న చివరి మ్యాచ్ ఆడింది, చిగుసా తనను మొదటిసారి రింగ్ ఎక్కించిన ఆ కొరాకుయెన్ హాల్లోనే. అప్పటికి ఆమె వయసు 45.