మబ్బు లెక్క, ఎండ లెక్క: శాటిలైట్ డేటాపై అపోహలు - వాస్తవాలు

బరంపురంలో మేడల మీద సోలార్ ప్లేట్లు బిగించేవాళ్లు, గుణుపురం వైపు సోలార్ పంపులకు అంచనాలు వేసేవాళ్లు, జయపురం కాలేజీల్లో ప్రాజెక్టులు చేసే పిల్లలు, అందరూ ఇప్పుడు శాటిలైట్ డేటానే దించుకుంటున్నారు. తప్పేం లేదు. ఈ కొండల్లో ప్రతి లోయకీ ఒక కొలత కేంద్రం పెట్టడం అయ్యే పని కాదు. చిక్కంతా ఆ అంకెను నమ్మే తీరులోనే ఉంది. "ఈ డేటా మంచిదేనా?" అని అడిగితే సూటిగా చెప్పలేం. ఏ వేళకు, ఎంత విస్తీర్ణానికి, దేనితో పోల్చి అడుగుతున్నారో ముందు తేలాలి.

అపోహ: మన మేడ మీద పడే ఎండను శాటిలైట్ కొలుస్తుంది.

కొలవదు. కింద నుంచి పైకి, తన వైపుగా వచ్చే వెలుగునూ వేడినీ మాత్రమే అది కొలుస్తుంది. నేల మీద పడే ఎండ ఆ తర్వాత వేసే లెక్క.

టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మీదున్న సెరెస్ పరికరాన్నే తీసుకోండి. అందులో ఒక చానల్ (కొన్ని తరంగ దైర్ఘ్యాల పట్టీని చూసే భాగం) 0.3 నుంచి 5 మైక్రాన్ల దాకా, అంటే తిరిగి పైకి పోయే ఎండను పడుతుంది. ఇంకోటి 0.3 నుంచి 200 మైక్రాన్ల దాకా మొత్తాన్నీ పడుతుంది. పగటిపూట భూమి వెదజల్లే వేడి ఎంతో తెలియాలంటే మొత్తంలోంచి ఎండను తీసేయాలి. రాత్రికి ఈ తీసివేత అక్కర్లేదు. అందుకే ఎండ పట్ల ఈ రెండు చానళ్ల సున్నితత్వం ఏళ్లు గడిచేకొద్దీ ఒకదానికొకటి పొసగకుండా పోతే పగటి వేడి అంకె జరుగుతుంది, రాత్రి అంకె చెక్కుచెదరదు. పగలు, రాత్రి తేడాను ఏళ్ల తరబడి గీసి చూస్తే పరికరం జబ్బు అక్కడే బయటపడుతుంది.

పైగా అది చూసేది ఒక్క దిక్కు నుంచే. అన్ని దిక్కులకూ పోయే మొత్తం ఎంతో తేల్చాలంటే ఆ మబ్బు ఏ రకమో, కింద నేలో నీరో తెలిసి, దానికి తగ్గ కోణాల నమూనా వాడాలి. మబ్బు గుర్తింపులో పొరపాటు జరిగితే అది రేడియేషన్ అంకెలోకి కూడా వచ్చి కూర్చుంటుంది. ఇక నేల మీది ఎండ తేలాలంటే గాలిలో తేమ, దుమ్ము, పొగ కూడా కలపాలి. రాయగడ, గజపతి కొండల్లో పోడు తగలబెట్టే ఎండాకాలంలో పొగ అంచనా ఎంత సరైనదో ఎండ అంకె కూడా అంతే సరైనది. మన ఇన్సాట్ ఉపగ్రహం మీద బొమ్మలు తీసే ఇమేజర్‌వి ఆరూ సన్నటి పట్టీల చానళ్లు. దాని నుంచి వచ్చే మొత్తం వేడి అంకె, కొన్ని పట్టీలను చూసి మిగతాదాన్ని ఊహించినది.

అపోహ: బొమ్మలో తెల్లగా ఉంటే మబ్బు, లేకపోతే నిర్మలాకాశం.

అది ఏ చానల్ బొమ్మో ముందు చూడండి. విజిబుల్ బొమ్మలో తెలుపంటే వెలుగు, థర్మల్ బొమ్మలో తెలుపంటే చలి.

శీతాకాలం తెల్లవారుజామున కొరాపుట్ లోయల్లో నిండే పొగమంచు ఇంచుమించు నేలంత వెచ్చగానే ఉంటుంది. థర్మల్ బొమ్మలో దాని జాడే దొరకదు. రాత్రిపూట దాన్ని పట్టడానికి 3.9, 10.8 మైక్రాన్ల దగ్గర కనిపించే ఉష్ణోగ్రతల తేడా చూస్తారు. సన్నని నీటి బొట్లు 3.9 దగ్గర కాస్త తక్కువ వేడిని వెదజల్లుతాయి కాబట్టి మంచున్న చోట ఆ చానల్ రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపిస్తుంది. తూరుపు తెల్లబడగానే అదే చానల్‌లోకి ఎండ వెలుగు చొరబడి తేడా తలకిందులవుతుంది. ఘాట్ రోడ్డు మీద డ్రైవరుకు మంచు సంగతి కావలసిన వేళకే ఈ పరీక్ష చేతులెత్తేస్తుందన్నమాట. దానికి తోడు ఇన్సాట్ థర్మల్ పిక్సెల్ 4 కిలోమీటర్లు. దేవమాలి చుట్టుపక్కల సన్నటి లోయల్లో ఒక్కో పిక్సెల్ సగం మంచు, సగం కొండ.

చిలికా మీద ఇందుకు పూర్తిగా తిరగబడుతుంది. నీటి మీద సూర్యుడి తళుకు నేరుగా ఉపగ్రహం కంట్లో పడితే లేని మబ్బు ఉన్నట్టవుతుంది. టెర్రా, ఆక్వాల మీదే ఉన్న మోడిస్ పరికరం క్లౌడ్ మాస్క్‌లో (పిక్సెల్ పిక్సెల్‌కూ మబ్బుందో లేదో చెప్పే పటంలో) అద్దంలో ప్రతిబింబించే దిక్కుకు 36 డిగ్రీల లోపు ఉన్న నీటి పిక్సెళ్లకు తళుకు గుర్తు పెడతారు. గోపాలపూర్ సముద్రం మీద వేసవిలో మబ్బు శాతం అనుమానాస్పదంగా ఎక్కువుంటే ముందు ఈ గుర్తున్న పిక్సెళ్లను తీసేసి మళ్లీ లెక్కించండి.

ఆ మాస్క్ మబ్బు ఉందనో లేదనో రెండు మాటలు చెప్పి ఊరుకోదు. ఖాయంగా నిర్మలం, బహుశా నిర్మలం, అనుమానం, ఖాయంగా మబ్బు అని నాలుగు మెట్లు. మధ్య రెండింటిని ఎటు కలిపారో రాయకుండా ఇచ్చిన మబ్బు శాతానికి అర్థం లేదు. ప్రపంచ సగటే చూడండి: ఆప్టికల్ డెప్త్ (మబ్బు వెలుగును ఎంత అడ్డుకుంటుందో చెప్పే అంకె) 0.1 దాటిన మబ్బులన్నీ కలిపితే భూమి మీద సుమారు 68 శాతం. 2 దాటినవే లెక్కపెడితే సుమారు 56. రెండూ సరైన లెక్కలే.

నేల మీద నిలబడి ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేసి చెప్పే పరిశీలకుడి లెక్కతోనూ ఇది అచ్చం కుదరదు. దూరంగా ఉన్న గుట్ట మబ్బుల పక్కలు కూడా ఆయనకు కనిపిస్తాయి, సందులు మూసుకుపోతాయి. ఎవరిదీ తప్పు కాదు.

అపోహ: మబ్బు ఎత్తు, మబ్బున్న చోటు కచ్చితంగా తెలుస్తాయి.

దట్టమైన ఉరుము మబ్బు ఎత్తు బాగానే తెలుస్తుంది. దూది పీచులాంటి పల్చటి సిర్రస్ దగ్గరే మోసం. మబ్బు పైభాగం మైనస్ 53 డిగ్రీలు, ఎత్తు 12 కిలోమీటర్ల పైచిలుకు, కింద నేల 27 డిగ్రీలు అనుకోండి. ఆ మబ్బు కింది వేడిలో సగాన్ని వదిలేస్తే 10.8 మైక్రాన్ల చానల్‌కు కనిపించే ఉష్ణోగ్రత మైనస్ 4 చుట్టూ తేలుతుంది. మన ఆకాశంలో ఆ చలి ఆరు కిలోమీటర్ల లోపే ఉంటుంది. అంటే మబ్బు ఎత్తులో సగం మాయం. ఇలాంటి తప్పులను 2006 నుంచి 2023 దాకా పనిచేసిన కాలిప్సో ఉపగ్రహం లేజరు కొలతలతో సరిచూస్తూ వచ్చారు. 2024 మేలో ఎగిరిన ఎర్త్‌కేర్ ఉపగ్రహం మీద లేజరు, రాడారు రెండూ ఉన్నాయి.

చోటు సంగతి పర్లాకిమిడి దగ్గర బాగా అర్థమవుతుంది. 82 డిగ్రీల తూర్పున భూమధ్యరేఖ మీద నిలిచిన ఇన్సాట్ మనల్ని నిలువుగా చూడదు, దక్షిణం నుంచి ఏటవాలుగా సుమారు 22 డిగ్రీల కోణంలో చూస్తుంది. 15 కిలోమీటర్ల ఎత్తు మబ్బు నెత్తి పటం మీద ఆరు కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి పడుతుంది. మహేంద్రతనయ నదికి ఆవల పాతపట్నం మీద కాసిన ఉరుము మబ్బు పటంలో పర్లాకిమిడిని కూడా దాటి కొండల మీద కనిపిస్తుందన్నమాట. సరిహద్దుకు ఆ పక్క వాన, ఈ పక్క మబ్బు! రెయిన్ గేజ్‌తో పోల్చేముందు ఈ జరుగుడు సరిచేయకపోతే తప్పు ఉపగ్రహం మీదకు పోతుంది. పటం మొత్తం పక్కకు జరిగిందేమోనన్న అనుమానం వేరే. దానికి మబ్బు లేని రోజు విజిబుల్ బొమ్మ మీద చిలికా ఒడ్డు గీత పరిచి చూడండి. గీతకూ నీటి అంచుకూ ఎన్ని పిక్సెళ్ల ఎడముందో అదే మీ నావిగేషన్ తప్పు.

అపోహ: నేల కేంద్రంతో కోరిలేషన్ (రెండు వరుసలు ఎంతగా కలిసి పెరిగి తగ్గుతాయో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.95 వచ్చింది, ఇక డేటా బంగారం.

సూర్యుడు పొద్దున పొడిచి సాయంత్రం కుంకుతాడు. ఆ ఒక్క సంగతి తెలిసిన లెక్క ఏదైనా, మబ్బుల ఊసే లేనిదైనా, గంటల డేటా మీద పెద్ద కోరిలేషన్ తెచ్చేస్తుంది. 0.95 చూసి మురిసిపోవడమే ఈ రంగంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు.

చేయవలసిన పని ఇది. రెండు కొలతలనూ ఆ క్షణంలో మబ్బు లేకుంటే ఎంత ఎండ ఉండేదో దానితో భాగించండి. సూర్యుడు నడినెత్తి నుంచి 75 డిగ్రీలు దాటి వాలిన వేళల్ని వదిలేయండి. మిగిలిన నిష్పత్తులను పోల్చండి. నైరుతి నెలలు వేరుగా, డిసెంబరు నుంచి ఫిబ్రవరి వేరుగా చూడండి. జులైలో ఎక్కువ చూపించి జనవరిలో తక్కువ చూపిస్తే ఏడాది బయాస్ (సగటు తేడా) సున్నాకు వస్తుంది. ఆ సున్నాను నమ్మి పంపు సైజు వేస్తే వానాకాలంలో మోటారు మొరాయిస్తుంది.

పిక్సెల్‌కూ పైరనోమీటర్‌కూ (నేల మీద ఎండ కొలిచే మీటరు) పోలిక కూడా గింజకూ గాదెకూ పోలికే. గుట్ట మబ్బుల రోజు మబ్బు అంచుల నుంచి వచ్చే పరావర్తనం వల్ల నేల మీది నిమిషం అంకె మబ్బు లేని ఎండను కూడా మించుతుంది. నేల కొలతను 30 నుంచి 60 నిమిషాలు సగటు తీసి అప్పుడు పోల్చండి.

అపోహ: తేడా వస్తే తప్పు శాటిలైట్‌దే, నేల మీటరు అబద్ధం చెప్పదు.

చెబుతుంది. గోపాలపూర్ గాలికి మీటరు గాజు గుమ్మటం మీద ఉప్పు పొర, కొరాపుట్ చలికి పొద్దున్నే మంచు బిందువులు. మీటరు అడుగు ఒక్క డిగ్రీ వాలినా, సూర్యుడు నడినెత్తి నుంచి 60 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు నేరు ఎండ కొలత 3 శాతం మారుతుంది. రాత్రిపూట కొద్ది వాట్లు మైనస్‌లోకి పోవడం థర్మోపైల్ (వేడి తేడాతో ఎండను కొలిచే) మీటర్లకు మామూలే. దాన్ని సున్నా చేసి దాచకండి, మీటరు ఆరోగ్యం దానిలోనే తెలుస్తుంది.

బీఎస్ఆర్ఎన్ (నేల మీద ఎండను కొలిచే కేంద్రాల అంతర్జాతీయ వలయం) వాడే మొదటి జల్లెడతో మొదలెట్టండి. నడినెత్తి నుంచి సూర్యుడు ఉన్న కోణం కొసైన్‌ను 1.2 ఘాతానికి ఎత్తి, వాతావరణం పైన పడే ఎండతోనూ 1.5తోనూ గుణించి 100 కలపండి. అది పై హద్దు. కింది హద్దు మైనస్ 4. రెండో జల్లెడలో 1.5 బదులు 1.2, 100 బదులు 50, కింద మైనస్ 2. కొసైన్ 0.8 అయితే మొదటి హద్దు 1,660 వాట్ల దగ్గర, రెండోది 1,300 దగ్గర తేలుతుంది. మొదటి జల్లెడ వదులుగా ఉంటుంది, చెత్తను మాత్రమే ఏరుతుంది. నేరు ఎండ, చెదిరిన ఎండ వేరువేరుగా కొలిచే చోట అసలు పరీక్ష వాటి కూడికతోనే (సూర్యుడి వైపు తిప్పి కొలిచిన నేరు ఎండను ముందు ఆ కొసైన్‌తో గుణించాలి): మొత్తంతో 8 శాతం లోపు కుదరాలి. సూర్యుడు 75 డిగ్రీలు దాటితే 15 శాతం దాకా ఒప్పుకుంటారు. కూడిక 50 వాట్ల లోపుంటే ఈ పరీక్ష పెట్టకండి.

అపోహ: టైము సంగతేముంది, గంటకు గంట పోల్చేయొచ్చు.

డేటా యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది, మన గడియారం ఐదున్నర గంటలు ముందు. 6 నుంచి 7 యూటీసీ సగటంటే మనకు 11.30 నుంచి 12.30. దాన్ని 11 గంటల వరుసతో పోల్చినా 12 గంటల వరుసతో పోల్చినా అరగంట తేడా మిగిలిపోతుంది. మధ్యాహ్నం అది తెలియదు. పొద్దున ఒక వైపు, సాయంత్రం ఇంకో వైపు బయాస్ వచ్చి రోజు సగటులో రెండూ కొట్టుకుపోతాయి. అలా ఎదురెదురు గుర్తులు కనబడితే గడియారాన్ని అనుమానించండి. 82.5 డిగ్రీల రేఖ జయపురం పక్కనుంచే పోతుంది కాబట్టి అక్కడ గడియారం, సూర్యుడు దాదాపు ఒక్కటే. అయినా ఫిబ్రవరిలో సూర్యుడు 14 నిమిషాలు వెనక, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందు ఉంటాడు.

అపోహ: ఒక శాతం కచ్చితత్వం ఉంటే భూమి ఎంత వేడెక్కుతోందో నేరుగా చదివేయొచ్చు.

లెక్క చూడండి. భూమికి సగటున చదరపు మీటరుకు అందేది 340 వాట్లు, తిరిగి పోయే ఎండ సుమారు 100, వేడి సుమారు 240. వందలో ఒక శాతమే ఒక వాటు. భూమి దగ్గర మిగిలిపోయే వేడి మొత్తం ఆ వాటు చుట్టూనే ఉంటుంది. అందుకే సెరెస్ ఈబాఫ్ డేటాలో (సెరెస్ కొలతల జమాఖర్చు సరిచేసి ఇచ్చే డేటా) మిగులును సముద్రాల వేడి కొలతలకు సరిపెట్టారు: 2005 జులై నుంచి 2015 జూన్ దాకా 0.71 వాట్లు. ఆ డేటాతోనే సముద్రపు వేడిని రుజువు చేయబోతే దొంగచేతికి తాళం ఇచ్చినట్టే. ఏటికేడు వచ్చే మార్పును మాత్రం అది నికరంగా పడుతుంది.

అపోహ: ఫైలు తెరుచుకుంది, అంకెలు వచ్చాయి, ఇక పని మొదలెట్టొచ్చు.

ఖాళీ పిక్సెల్‌కు పెట్టిన మైనస్ 999 లాంటి అంకెలను ముందు తీసేయండి. ఒక్కటి మిగిలినా నెల సగటు పాతాళానికి పోతుంది. క్వాలిటీ ఫ్లాగ్‌లో (ప్రతి అంకె ఎంత నమ్మదగిందో చెప్పే గుర్తులో) సున్నా అంటే ఒక చోట మంచిది, ఇంకో చోట చెడ్డది. యూజర్ గైడు చదవకుండా ఊహించకండి. రెండు ఎడిషన్ల ఫైళ్లను ఒకే గ్రాఫులో కలపొద్దు. ఎడిషన్ మారిన నెల నుంచి గంజాం జిల్లాలో ఎండ పెరిగినట్టు కనిపిస్తే ముందు ఫైలు పేరులో నంబరు చూడండి.