ఊపిరి లెక్కకు తేమే ఆధారం

మే నెల మధ్యాహ్నం వరంగల్‌లో 42 డిగ్రీల ఎండ కాస్తున్నప్పుడు మనం వదిలే ఊపిరి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లగా ఉంటుంది. ముక్కులోంచి వచ్చే గాలి వేడి సుమారు 34 డిగ్రీలే. డిసెంబరు తెల్లవారుజామున ఇది తలకిందులవుతుంది. ఈ రెండింటి నడుమ, బయటి గాలి కూడా 34 డిగ్రీల దగ్గరే ఉండే వేళలు మన ప్రాంతంలో ఏటా ఎన్నో. ముక్కు దగ్గర వేడిలో వచ్చే మార్పును బట్టి శ్వాసను లెక్కపెట్టే పరికరం ఆ వేళల్లో ఏమీ పసిగట్టలేదు.

అందుకే మన వాతావరణంలో వేడి కంటే తేమే నమ్మదగిన ఆనవాలని నా అభిప్రాయం. నిశ్వాసం ఏ కాలంలోనైనా దాదాపు నీటి ఆవిరితో నిండి వస్తుంది. ఘనపు మీటరు గాలిలో సుమారు 37 గ్రాముల నీరన్నమాట. 42 డిగ్రీల ఎండలో తేమ 20 శాతం ఉంటే, బయటి గాలిలో ఉండేది 11 గ్రాములే. ఇంత తేడాను చవకైన సెన్సర్ కూడా పట్టుకోగలదు.

చాలా తేమ సెన్సర్లలో రెండు ఎలక్ట్రోడ్ల (విద్యుత్ కొసల) మధ్య ప్లాస్టిక్ వంటి పలుచని పాలిమర్ పొర ఉంటుంది. ముసురు పట్టినప్పుడు అప్పడం తేమ పీల్చుకున్నట్టు ఆ పొర గాలిలోని నీటిని పీల్చుకుంటుంది. విద్యుదావేశం నిల్వకు ఒక పదార్థం ఎంత తోడ్పడుతుందో చెప్పే డైఎలక్ట్రిక్ స్థిరాంకం నీటికి దాదాపు 80, పాలిమర్‌కు అందులో చిన్న వంతు. కాబట్టి కాస్త నీరు చేరినా కెపాసిటన్స్, అంటే ఆవేశాన్ని నిల్వ చేసుకునే సామర్థ్యం, పెరుగుతుంది. మామూలు కాగితంతోనూ ఈ పని అవుతుంది. 2016లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫిరాత్ గుడెర్, జార్జ్ వైట్‌సైడ్స్ బృందం కాగితంపై గ్రాఫైట్ సిరాతో ఎలక్ట్రోడ్లు ముద్రించి, దాన్ని మాస్కులో అమర్చి శ్వాసను నమోదు చేసింది. ఊపిరి తగిలినప్పుడల్లా కాగితం తడిని పీల్చుకుంటుంది, దానిలో విద్యుత్ ప్రవాహం పెరుగుతుంది.

అసలు చిక్కు వేగంతో వస్తుంది. విద్యార్థుల ప్రాజెక్టుల్లో విరివిగా కనిపించే డీహెచ్‌టీ11 సెన్సర్ తేమ మార్పుకు స్పందించడానికి 6 నుంచి 15 సెకన్లు తీసుకుంటుంది. విశ్రాంతిలో ఉన్న పెద్దవారు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు, అంటే ఒక్కో శ్వాసకు 3 నుంచి 5 సెకన్లు. ఆ సెన్సర్ ఒక ఊపిరిని గుర్తించేలోపే మరొకటి వచ్చేస్తుంది. బీఎంఈ280 వంటివి ఒక సెకనులోనే స్పందిస్తాయి. ధర కాస్త ఎక్కువైనా కొనవలసింది అలాంటిదే.

పిల్లల విషయంలో ఈ వేగం మరీ ముఖ్యం. ఏటూరునాగారం అటవీ గ్రామాల్లో ఆశా కార్యకర్త దగ్గుతున్న బిడ్డ ఛాతీ కదలికలను నిండా ఒక నిమిషం చూసి లెక్కపెట్టాలి. నిమిషానికి రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు బిడ్డకు 50, అయిదేళ్ల లోపు పిల్లలకు 40 ఉన్నా, అంతకు మించినా వేగమైన శ్వాసే, న్యుమోనియా కావచ్చు. బిడ్డ ఏడుస్తూ కాళ్లు చేతులు కొట్టుకుంటుంటే ఆ లెక్క ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ముక్కుకు దగ్గరగా, ముఖాన్ని కప్పకుండా ఉంచే సెన్సర్ అక్కడ గొప్ప సాయం. అయితే ఛాతీ లోపలికి గుంజుకుపోవడం, డొక్కలు ఎగరేయడం దానికి కనిపించవు. వాటిని మనిషి కళ్లే చూడాలి.

ఇక వానాకాలం. ఆగస్టులో 28 డిగ్రీల దగ్గర తేమ 85 శాతం ఉంటే గాలిలోనే 23 గ్రాముల నీరుంటుంది. సెన్సర్ 85 నుంచి 100 లోపే ఊగిసలాడుతుంది. పైగా దాని మీద నీటి బిందువులు చేరితే ఆరేదాకా రీడింగ్ కిందికి దిగదు. సెన్సర్‌ను ముక్కుకు కాస్త ఎడంగా పెట్టడం, ఎస్‌హెచ్‌టీ31 లాంటి సెన్సర్లలో ఉండే చిన్న హీటరును వాడుకోవడం కొంతవరకు పనిచేస్తాయి. తేమ శాతం ఎంతో పట్టించుకోకుండా, అది ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కపెట్టడం ఇంకా మేలు. 25 డిగ్రీల ఏసీ గదిలో చక్కగా పనిచేసిందని ఏ పరికరాన్నీ ఇక్కడికి పంపకూడదు. మేలో, ఆగస్టులో, డిసెంబరులో విడివిడిగా, నర్సు గడియారం చూసి లెక్కపెట్టిన సంఖ్యతో సరిపోల్చాకే దాన్ని గ్రామాలకు ఇవ్వాలి.