నీటి బిల్లు వెనక చిన్న అక్షరాలు: చిన్న ఊరి పేపర్లకు పులిట్జర్ వచ్చిన కథ

2015 ఏప్రిల్‌లో, అమెరికాలో జర్నలిజానికిచ్చే పులిట్జర్ బహుమతులు ప్రకటించారు. స్థానిక వార్తల విభాగంలో గెలిచింది కాలిఫోర్నియాలోని టోరెన్స్ అనే ఊరి పేపరు ‘డైలీ బ్రీజ్’. ముగ్గురికి కలిపి ఇచ్చారు, వాళ్లలో ఒకడు రాబ్ కుజ్నియా. తమాషా ఏంటంటే బహుమతి వచ్చిన రోజుకి అతను ఆ పేపర్లో లేడు, అసలు జర్నలిజంలోనే లేడు. రిపోర్టర్ జీతంతో లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల ఇంటద్దె కట్టుకుంటూ నెల గడవడం కష్టమైపోయి, అంతకు కొన్ని నెలల ముందే పీఆర్ ఉద్యోగంలో, అంటే ఓ సంస్థకి ప్రచారం చూసే పనిలో, చేరిపోయాడు.

అతను బయటపెట్టిన విషయం కూడా జీతం గురించే. సెంటినెలా వ్యాలీ అని అక్కడ ఓ చిన్న హైస్కూల్ డిస్ట్రిక్ట్, అంటే ఆ ప్రాంతపు హైస్కూళ్లని నడిపే స్థానిక సంస్థ, ఉంది, ఏమంత డబ్బున్న ప్రాంతం కాదు. దాని సూపరింటెండెంట్ 2013లో అన్నీ కలిపి 6 లక్షల 63 వేల డాలర్లు తీసుకున్నాడు. పైగా ఇల్లు కొనుక్కోడానికి అదే డిస్ట్రిక్ట్ నుంచి 2 శాతం వడ్డీకి 9 లక్షల డాలర్ల పైచిలుకు అప్పు. ఇదంతా దొంగ లెక్కల్లో దాచిందేమీ కాదు, బోర్డు ఆమోదించిన కాంట్రాక్టులోనే ఉంది. అడిగి తెప్పించుకుని చదివినవాళ్లు లేరు, అంతే.

ఈ కథ మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వూ వచ్చింది, కడుపులో కలుక్కుమనీ అనిపించింది. నేను కూడా ఓ నాలుగేళ్లు మండల కంట్రిబ్యూటర్‌గా చేశాను. పేపరు పేరు ఇప్పుడెందుకు. లైన్ అకౌంట్ అంటే తెలిసినవాళ్లకు తెలుసు: నెలాఖరున మన వార్తలన్నీ కత్తిరించి, తెల్లకాగితాల మీద అతికించి, స్కేలు పెట్టి కొలిచి పంపితే, పేపరు ఎడిషన్ సెంటర్లో ఎవరో మళ్లీ కొలిచి, అందులో కొంత కోసేసి డబ్బులు వేసేవాళ్లు. ఓసారి మంచినీళ్ల ట్యాంకు పనుల బిల్లుల మీద మూడు వారాలు తిరిగి ఓ వార్త రాస్తే జిల్లా పేజీలో ఆరంగుళాలు వచ్చింది. పక్కనే పావు పేజీ పుట్టినరోజు శుభాకాంక్షల ప్రకటన, అది తెచ్చిందీ నేనే, ఇచ్చింది ఆ పనులు చేసిన కాంట్రాక్టరు అన్నగారు. వార్త వచ్చిన మర్నాడు ఆయన ఫోన్ చేసి "ఏం తమ్ముడూ, మన యాడ్ బాగా వచ్చింది" అన్నాడు. అంతే, ఇంకేమీ అనలేదు. ఆ టెన్షన్ వారం రోజులు పోలేదు.

అందుకే అవార్డుల జాబితాలు చూసేటప్పుడు పెద్ద పేపర్ల పేర్లు దాటేసి, మూడు వేలు, పది వేలు ప్రతులు వేసే పేపర్ల కోసం వెతుక్కుంటాను. వాళ్లు ఎవరి మీద రాశారో వాళ్ల మధ్యే తిరగాలి, వాళ్ల ప్రకటనలతోనే బతకాలి.

పులిట్జర్ పెట్టిన జోసెఫ్ పులిట్జర్ హంగరీలో పుట్టి అమెరికా వలస వెళ్లినవాడు. న్యూయార్క్‌లో పేరు పడింది గానీ మొదట నిలదొక్కుకుంది సెయింట్ లూయిస్‌లో, ‘పోస్ట్ డిస్పాచ్’ అనే ప్రాంతీయ పేపరుతో. 1911లో చనిపోతూ కొలంబియా విశ్వవిద్యాలయానికి డబ్బు రాసిపోతే 1917 నుంచి బహుమతులు మొదలయ్యాయి. వాటిలో ప్రజాసేవ విభాగానిది బంగారు పతకం, అది వ్యక్తికి ఇవ్వరు, పేపరుకే ఇస్తారు. ఆ మొదటి ఏడాది ఈ పతకం ఎవరికీ ఇవ్వలేదు, మరుసటి ఏడాది న్యూయార్క్ టైమ్స్‌కి వెళ్లింది. ఆ తర్వాత చాలా ఏళ్లు దినపత్రికలదే హవా. వారపత్రిక ఒకటి ఆ పతకం ముట్టుకోడానికి 1953 దాకా పట్టింది.

ఆ ఏడాది ఒకటి కాదు, రెండు గెలిచాయి. రెండూ నార్త్ కరోలినాలోని కొలంబస్ కౌంటీవే. ఒకటి వారానికోసారి వచ్చే ‘టేబర్ సిటీ ట్రిబ్యూన్’, రెండోది వారానికి రెండుసార్లు వచ్చే వైట్‌విల్ ‘న్యూస్ రిపోర్టర్’. పొగాకు పండించే పల్లెటూళ్లు. 1950 జులైలో ఓ శనివారం రాత్రి, నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లజాతి దురహంకారుల రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్ వాళ్లు ముసుగులేసుకుని టేబర్ సిటీ వీధుల్లో, ముఖ్యంగా నల్లవాళ్లు ఉండే వీధుల్లో, కార్ల ఊరేగింపు తీశారు. ట్రిబ్యూన్ ఎడిటర్ హొరేస్ కార్టర్‌కి అప్పటికి ముప్పై కూడా నిండలేదు. వెంటనే సంపాదకీయం రాసి పడేశాడు, క్లాన్ ఉండటానికి ఏ సాకూ చెల్లదని. అక్కడితో ఆగితే ఒక మంచి సంపాదకీయంగా మిగిలేది. అతను మూడేళ్లు ఆగలేదు, వందకు పైగా వార్తలు, సంపాదకీయాలు రాశాడు. వైట్‌విల్‌లో విల్లార్డ్ కోల్ తోడయ్యాడు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే మనం క్లాన్ అనగానే సినిమాల్లో చూసినట్టు ఊహించుకుంటాం. ఆ కౌంటీలో వాళ్లు నల్లవాళ్లతో పాటు తెల్లవాళ్లని కూడా ఇళ్లలోంచి ఈడ్చుకెళ్లి కొట్టారు, తాగుతున్నాడనో, పెళ్లి కాకుండా కలిసి ఉంటున్నారనో. అంటే ఊరి పెద్దమనుషుల పంచాయితీ పని కూడా నెత్తినేసుకున్నారన్నమాట. ఊళ్లో చాలామందికి లోలోపల అది నచ్చింది కూడా. అలాంటి చోట ఎడిటర్ రాసేది శత్రువు గురించి మాత్రమే కాదుగా, పొద్దున్న కటింగ్ షాపులో పక్క కుర్చీలో కూర్చునేవాడి గురించి కూడా. ముసుగులో ఎవరున్నారో తెలియకుండా ప్రకటన కోసం ఏ షాపు మెట్లెక్కాలి? బెదిరింపులు ఎటూ ఉన్నాయి. చివరికి 1951లో ఒక జంటని ఎత్తుకుని రాష్ట్ర సరిహద్దు దాటించి సౌత్ కరోలినాలో కొట్టారు. సరిహద్దు దాటడమే వాళ్ల కొంప ముంచింది, అది ఫెడరల్ నేరం కాబట్టి ఎఫ్‌బీఐ దిగింది. వందకు పైగా క్లాన్ సభ్యులకు శిక్షలు పడ్డాయి, వాళ్ల నాయకుడు థామస్ హామిల్టన్ కూడా జైలుకి వెళ్లాడు. ఆ హామిల్టన్ చేసే పని కిరాణా వ్యాపారం. పులిట్జర్ ప్రశంసలో ఆ పోరాటాన్ని తమ గుమ్మం ముందే నడిపారని, ఆర్థిక నష్టానికీ ప్రాణభయానికీ తెగించారని రాశారు. ఆ రెంటిలో ఆర్థిక నష్టాన్నే ముందు పెట్టడం నాకు భలే నచ్చింది, రాసినవాడెవరో చిన్న పేపరు సంగతి తెలిసినవాడే.

1979లో పతకం అందుకున్న ‘పాయింట్ రేస్ లైట్’ ఇంకా చిన్నది. కాలిఫోర్నియాలో మరిన్ కౌంటీ, డేవిడ్ మిచెల్, క్యాథీ మిచెల్ అనే భార్యాభర్తలు నడిపే వారపత్రిక, మూడు వేల లోపు ప్రతులు. మత్తుకు బానిసైనవాళ్లని బాగుచేస్తామని 1958లో మొదలైన సైనానాన్ అనే సంస్థ అప్పటికి ఒక గురువు చుట్టూ తిరిగే ముఠాగా మారిపోయింది. వాళ్ల మీద కేసు గెలిచిన లాయరు ఇంటి పోస్టుబాక్సులో 1978 అక్టోబరులో తాచుపాములాంటి విషసర్పాన్ని పెట్టారు, అదీ బుసకొట్టకుండా... సారీ, ర్యాటిల్‌స్నేక్ కదా, తోకతో చప్పుడు చేయకుండా ఆ గిలక్కాయ కోసేసి. చెయ్యి పెట్టాడు, కాటేసింది, బతికాడు. పెద్ద పేపర్లు దావాల భయంతో ఆచితూచి అడుగేస్తుంటే, ఈ దంపతులు బర్క్‌లీ సోషియాలజిస్టు రిచర్డ్ ఆఫ్షేతో కలిసి రాసుకుంటూ పోయారు. దావాలు వీళ్ల మీదా పడ్డాయి. అందులో ఒకటి కాలిఫోర్నియా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1984లో రిపోర్టర్లు సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు దాచుకునే విషయంలో ఒక ముఖ్యమైన తీర్పుగా మిగిలింది.

నాకు మాత్రం వీటన్నిటికన్నా 1990 నాటిది ఎక్కువ ఇష్టం, ఎందుకంటే అందులో పాముల్లేవు, ముసుగుల్లేవు. మళ్లీ నార్త్ కరోలినాయే, ఊరి పేరు వాషింగ్టన్, దేశ రాజధాని కాదు, ఓ నది ఒడ్డున పది వేల మంది ఉండే ఊరు. పేపరు ‘వాషింగ్టన్ డైలీ న్యూస్’, అమ్ముడయ్యేది కూడా దాదాపు అన్నే ప్రతులు. 1989లో ఎడిటర్ బిల్ కాఫ్లిన్ తన ఇంటి నీటి బిల్లు చూసుకుంటుంటే వెనక వైపు చిన్న అక్షరాల్లో ఒక నోటీసు కనిపించింది, నీళ్లలో రసాయనాల పరీక్షలు చేయిస్తున్నామని. అందరిళ్లకీ వచ్చిన బిల్లే అది. కట్టాల్సిన డబ్బు ముందువైపు ఉంటుంది, వెనక్కి ఎవరు తిప్పుతారు? ఆయన తిప్పాడు. రిపోర్టర్ బెట్టీ గ్రేని పంపించి అదేంటో కనుక్కోమన్నాడు. కనుక్కుంటే తేలింది: ఊరి నీళ్లలో క్యాన్సర్ తెచ్చే రసాయనాలున్నాయి, ఎనిమిదేళ్లుగా మునిసిపాలిటీ ఆ సంగతి జనానికి చెప్పనూ లేదు, సరిచేయనూ లేదు. వార్త రాగానే ఊళ్లో గగ్గోలు. 1990లో ప్రజాసేవ పతకం గెలిచిన రెండు పేపర్లలో ఇదొకటి.

మన దగ్గర నీళ్ల వార్తలు కొన్ని వేలు వచ్చుంటాయి. ఈనాడు 1974లో విశాఖలో మొదలై, 1989లో జిల్లా టాబ్లాయిడ్లు, అంటే జిల్లాకొకటిగా వేసే చిన్న సైజు అనుబంధాలు, తెచ్చాక మిగతా పేపర్లూ ఆ బాటే పట్టాయి. ఊరూరా విలేకరి పుట్టుకొచ్చాడు, ఎండిన బోరు, పగిలిన పైపు, మూతపడ్డ బడి అన్నీ అచ్చుకెక్కాయి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మీద తిరగబడిన వార్త ఊరు దాటి రాష్ట్రమంతా పాకడంలో ఆ పేజీల చెయ్యి చాలా ఉంది, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. కానీ ఆ వార్తలు పల్లెల నుంచి బస్సు కవర్లలో పంపిన కంట్రిబ్యూటర్లు చాలామందికి బైలైన్, అంటే వార్త మీద తమ పేరు, కూడా లేదు. పైగా ఆ పేజీకో ఇబ్బంది ఉంది: ఒక జిల్లాలో బయటపడ్డ కుంభకోణం పక్క జిల్లావాడికి కనిపించదు. 2006లో మొదలైన రామ్‌నాథ్ గోయెంకా అవార్డుల్లో ప్రాంతీయ భాషలకు చోటుంది, మంచిదే. కానీ అవార్డు ఏదైనా ముందు ఎంట్రీ పంపాలి, పంపాలంటే ఆ వార్త నీదని రుజువుండాలి. బైలైన్ లేనివాడు ఏం పంపుతాడు?

పులిట్జర్‌కీ ఎంట్రీలు పంపుకోవాల్సిందే, ఫీజు కట్టి. 2010లో ప్రజాసేవ పతకం పొందిన వర్జీనియా ‘బ్రిస్టల్ హెరాల్డ్ కొరియర్’ ఇంకో ఖర్చు కూడా పెట్టింది. డేనియల్ గిల్బర్ట్ అనే కుర్ర రిపోర్టరుకి, రైతుల భూముల కింది గ్యాస్‌కి రావాల్సిన రాయల్టీ సొమ్ము ఏమవుతోందన్న అనుమానం వచ్చింది. లెక్కలు కుప్పలుగా ఉన్నాయి, చేత్తో తేలేవి కావు. డేటాబేస్‌లు నేర్చుకోడానికి అతన్ని పేపరువాళ్లు శిక్షణకి పంపారు. తిరిగొచ్చి, ఎంత గ్యాస్ తీశారు, హక్కు ఎవరిదో తేలేదాకా సొమ్ము ఉంచే ఎస్క్రో ఖాతాలో ఎంత జమైంది అని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే చాలా చోట్ల పొంతన లేదు. వేలమంది భూయజమానులకు సంబంధించిన డబ్బు అది. ఒక చిన్న పేపరు ఒక మనిషిని రోజువారీ పని నుంచి వదిలి క్లాసుకి పంపడం అంటే ఆ రోజుల్లో ఇంకెవరో రెట్టింపు చాకిరీ చేశారని అర్థం. ప్రశంసాపత్రంలో ఆ మనిషి పేరుండదు.

2017లో రెండు చిన్నవి కలిసొచ్చాయి. అయోవాలో ‘స్టార్మ్ లేక్ టైమ్స్’, అప్పట్లో వారానికి రెండుసార్లు, మూడు వేల ప్రతులు, అన్నదమ్ములూ భార్యా కొడుకూ కలిసి తీసే ఇంటిపేపరు. పొలాల నుంచి నదిలోకి పోతున్న నైట్రేట్ల కేసులో కౌంటీల తరఫు లాయర్ల ఫీజులు రహస్యంగా కడుతున్నదెవరని ఆర్ట్ కల్లెన్ నిలదీశాడు, మొక్కజొన్న మీదే బతికే ఊళ్లో. సంపాదకీయాల బహుమతి అతనికొచ్చింది.

రెండోది వెస్ట్ వర్జీనియాలోని ‘చార్లెస్టన్ గెజెట్ మెయిల్’. పరిశోధన విభాగం, రిపోర్టర్ ఎరిక్ ఎయిర్. మందుల హోల్‌సేల్ కంపెనీలు ఆరేళ్లలో ఆ చిన్న రాష్ట్రానికి 78 కోట్ల నొప్పి మాత్రలు పంపాయనీ, అదే కాలంలో ఆ మందులు మోతాదు మించి 1,728 మంది చనిపోయారనీ లెక్కలతో రాశాడు. కెర్మిట్ అనే ఊళ్లో 392 మంది జనం, ఒక్క మందుల షాపుకి రెండేళ్లలో దాదాపు 90 లక్షల మాత్రలు వెళ్లాయి. ఆ లెక్కలు బయటకు రాకుండా కంపెనీలు కోర్టుకెళితే పేపరు కూడా కోర్టుకెళ్లి గెలిచింది. ప్రైజు 2017 ఏప్రిల్‌లో వచ్చింది. 2018 జనవరిలో పేపరు దివాలా పిటిషన్ వేసింది. అదే రాష్ట్రంలోని హంటింగ్టన్‌లో పేపరు నడిపే కంపెనీ దాన్ని కొనుక్కుంది. 2020లో ఎయిర్ అక్కడ మానేశాడు. అదే ఏడాది మరో ఇద్దరు పాత సహోద్యోగులతో కలిసి, విరాళాల మీద నడిచే ఒక వార్తా వెబ్‌సైట్ పెట్టుకున్నాడు.