ఉప్పునీటిలో ఆక్సిజన్ ప్రయోగం: అపోహలు - వాస్తవాలు

ఉప్పు పెరిగేకొద్దీ నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గుతుందా? తగ్గుతుంది. కానీ నేను దిద్దే విద్యార్థుల ల్యాబ్ రికార్డుల్లో సగం గ్రాఫులు ఆ మాట చెప్పవు. తప్పు ప్లానింగులోనే దొర్లుతుంది.

అపోహ: ఉప్పు ఆక్సిజన్‌ను తినేస్తుంది.
వాస్తవం: వాటి మధ్య చర్యే లేదు. ఉప్పు అయాన్లు నీటి అణువులను చుట్టూ పట్టి ఉంచుకుంటాయి, ఆక్సిజన్‌కు చోటు తగ్గుతుంది. అంతే.

అపోహ: లీటరుకు 1, 2, 3 గ్రాముల ఉప్పు చాలు.
వాస్తవం: 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర మంచినీరు పట్టుకోగల ఆక్సిజన్ లీటరుకు 8.26 మిల్లీగ్రాములు. 5 గ్రాముల ఉప్పు వేసినా తగ్గేది 0.2 చిల్లర. టైట్రేషన్‌లో (ద్రావణాన్ని చుక్కలుగా కలిపి కొలిచే పద్ధతి) బ్యూరెట్ గొట్టం నుంచి నాలుగు చుక్కలు అటూ ఇటూ అయితే అది గల్లంతే. 0, 10, 20, 35 పెట్టుకోండి. ఉష్ణోగ్రతను అసలు వదలకండి: 30 డిగ్రీలకు చేరితే మంచినీటిలోనే 7.56కు పడిపోతుంది. అంటే 15 గ్రాముల ఉప్పు చేసే పనిని కిటికీ ఎండ ఒక్కటే చేసేస్తుంది.

అపోహ: ఏ ఉప్పయినా ఒకటే.
వాస్తవం: నన్ను బాగా తిప్పలు పెట్టింది ఇదే. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను టైట్రేషన్‌తో కొలిచే వింక్లర్ పద్ధతిలో చివరికి మనం కొలిచేది, ఆ ఆక్సిజన్‌కు తగ్గట్టు విడుదలైన అయోడిన్‌ని. వంట ఉప్పులో కలిపే అయోడేట్ కూడా, ఆమ్లం పోయగానే అయోడైడ్‌తో కలిసి అయోడిన్‌నే ఇస్తుంది. ఉప్పు పెరిగేకొద్దీ ఈ దొంగ ఆక్సిజన్ కూడా పెరుగుతుంది, గ్రాఫు దిగాల్సినంత దిగదు. మొదట కాస్త ఉప్పునీటిలో పొటాషియం అయోడైడ్, స్టార్చ్, సజల ఆమ్లం వేసి చూడండి. వెంటనే నీలం వచ్చిందా, ఆ ఉప్పు పక్కన పెట్టి ల్యాబ్ సోడియం క్లోరైడ్ తీసుకోండి.

అపోహ: ఆక్సిజన్ మీటర్ ఉంటే టెన్షన్ లేదు.
వాస్తవం: మీటర్‌కు ఉండే పొర ఉన్న ప్రోబ్ (నీటిలో ముంచే కడ్డీ) పసిగట్టేది ఆక్సిజన్ పీడనాన్ని, పరిమాణాన్ని కాదు. గాలితో సమతుల్యంలో ఉన్న మంచినీటిలోనూ ఉప్పునీటిలోనూ ఆ పీడనం ఒకటే. మీటర్‌లో లవణీయత (ఉప్పు మోతాదు) సెట్టింగ్ సున్నా దగ్గర వదిలేస్తే అన్ని బీకర్లూ ఒకే రీడింగ్ ఇస్తాయి. సెట్ చేస్తే, మీరు కనుక్కోవాల్సిన జవాబును మీటర్ తన సూత్రంతోనే లెక్కకట్టి చూపిస్తుంది. 1888 నాటి వింక్లర్ టైట్రేషనే ఇక్కడ నిజాయితీ గల సాక్షి.

అపోహ: ఉప్పు కరిగాక వెంటనే కొలవొచ్చు.
వాస్తవం: అదనపు ఆక్సిజన్ వెంటనే బయటికి పోదు. అక్వేరియం పంపుతో అరగంట గాలి పట్టించి, బుడగలు తేలిపోయాక సీసాలో నింపండి. మూత కింద ఒక్క బుడగ చిక్కినా మళ్లీ నింపాల్సిందే.