ఆన్‌లైన్‌లో పవర్ సిస్టమ్స్ చదువు: అపోహలు - వాస్తవాలు

ఓర్వకల్లు వైపు సబ్‌స్టేషన్లలో రిలే (లోపం వస్తే కనిపెట్టి లైను ఆపించే పరికరం) టెస్టింగ్ నా పని. కర్నూలు, నంద్యాల డిప్లొమా, బీటెక్ పిల్లలు "అన్నా, ఆన్‌లైన్ సర్టిఫికెట్ చేస్తే లాభం ఉంటుందా?" అని అడుగుతుంటారు. వాళ్ల మాటల్లో తరచూ వినిపించే అపోహలివి.

అపోహ: వీడియోలు చూస్తే చాలు, సర్టిఫికెట్ వచ్చేస్తుంది.
వాస్తవం: ఎన్‌పీటెల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ కోర్సుల వేదిక) పాఠాలు ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. మార్కుల్లో 75 శాతం ఆ పరీక్షవే. మిగతా 25 అసైన్‌మెంట్లవి.

అపోహ: స్విచ్‌యార్డ్‌లో (సబ్‌స్టేషన్‌లో పరికరాలుండే ఆవరణ) తిరగనిదే ఈ సబ్జెక్టు రాదు.
వాస్తవం: పరికరాల వరకు నిజమే. కానీ లోడ్ ఫ్లో (ఏ లైన్లో ఎంత కరెంటు పారుతుందో), ఫాల్ట్ (షార్ట్ సర్క్యూట్ లాంటి లోపం) లెక్కలు యార్డులో ఎన్నేళ్లు తిరిగినా కంటికి కనపడవు. మా గని ఊరి సోలార్ పార్కునే చూడండి, 1000 మెగావాట్లది. పొద్దుగూకితే ఉత్పత్తి సున్నా. ఇలాంటి చోట్ల పొడవైన 400 కేవీ లైన్ల మీద లోడ్ తగ్గిపోతే, లైనుకున్న కెపాసిటెన్స్ (ఛార్జి నిలవ చేసుకునే గుణం) వల్లే అవతలి చివర వోల్టేజి పెరుగుతుంది. ఫెరాంటీ ఎఫెక్ట్ అంటే అదే. దాన్ని అదుపులో పెట్టడానికే షంట్ రియాక్టర్లు, అంటే లైనుకు కలిపే పెద్ద కాయిళ్లు. మీటరులో వోల్టేజి పెరగడం ఆపరేటర్‌కు తెలుస్తుంది. ఎంత పెరుగుతుందో ముందే చెప్పాలంటే లెక్క రావాలి, అది ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు.

అపోహ: సోలార్ వచ్చాక పాత ఫాల్ట్ లెక్కలతో పనిలేదు.
వాస్తవం: ఇప్పుడే ఎక్కువ పని. కడప జిల్లా ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం)లో ఉన్నటువంటి పెద్ద జనరేటర్ ఫాల్ట్ పడగానే తన రేటింగ్‌కు ఎన్నో రెట్లు కరెంటు ఇస్తుంది. సోలార్ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్ మాత్రం తనను తాను కాపాడుకోవడానికి రేటింగ్ కంటే కాస్త ఎక్కువ దగ్గరే ఆగిపోతుంది. ఆ కొద్దిపాటి కరెంటుకు ఓవర్‌కరెంట్ రిలే పికప్ కాకపోవచ్చు, అంటే ఫాల్ట్‌ను గుర్తించకపోవచ్చు. సీక్వెన్స్ నెట్‌వర్కులు (మూడు ఫేజుల ఫాల్ట్‌ను విడగొట్టి లెక్కించే పద్ధతి) రానివాళ్లకు ఈ సమస్య అర్థమే కాదు. కోర్సు ఎంచుకునేటప్పుడు సిలబస్‌లో ప్రొటెక్షన్ (రిలేలతో రక్షణ) ఉందో లేదో చూడండి.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే లైన్ మీద పని చేయొచ్చు.
వాస్తవం: చేయకూడదు. సూపర్‌వైజర్ పర్మిట్ వేరు, దాన్ని ప్రభుత్వ లైసెన్సింగ్ బోర్డు ఇస్తుంది. లైన్ క్లియర్ (సప్లై ఆపారన్న అనుమతి) తీసుకోవడం, లైన్లో మిగిలిన ఛార్జిని భూమిలోకి వదిలే డిశ్చార్జ్ రాడ్ వేయడం, పనిచేసే చోటుకు రెండు వైపులా ఎర్త్ చేయడం సీనియర్ పక్కన ఉండి నేర్చుకోవాలి. ఇందులో దగ్గరదారి చూసుకుంటే ప్రాణాలు పోతాయి.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొనాలంటే లక్షలు కావాలి.
వాస్తవం: ఈ లెక్కలు చేసే ఓపెన్‌డీఎస్‌ఎస్, పాండాపవర్ ఉచితం. మామూలు ల్యాప్‌టాప్ చాలు. ముందు మూడు బస్‌ల (లైన్లు కలిసే చోట్లు) చిన్న సిస్టమ్‌కు న్యూటన్-రాఫ్సన్ అనే లోడ్ ఫ్లో పద్ధతితో రెండు ఇటరేషన్లు (విడతలు) చేత్తో చేయండి. తర్వాత అదే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. అంకెలు బొత్తిగా కలవకపోతే మొదట బేస్ ఎంవీఏ (లెక్కకు ప్రమాణంగా తీసుకున్న విద్యుత్ సామర్థ్యం) సరిచూడండి. తప్పు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.