చారెడు సరుకుకు గంగాళం

జాలరి వలలోనూ టూత్‌బ్రష్ కుచ్చులోనూ ఉన్న నైలాన్ చాలావరకు సైక్లోహెక్సేన్ అనే ద్రవం నుంచి వచ్చిందే. బెంజీన్‌కు హైడ్రోజన్ చేర్చి దీన్ని తయారుచేస్తారు. నీళ్లలా తేటగా ఉంటుంది, పెట్రోలు లాంటి వాసన. పీలిస్తే మగత కమ్ముతుంది. గాలిలో ఆవిరి 1.3 శాతం ఉంటే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. అయితే పెట్రోలూ అంతే కదా! అసలు చిక్కు దాన్ని వాడే తీరులో ఉంది.

వేడి సైక్లోహెక్సేన్‌లోకి గాలి ఊదితే సైక్లోహెక్సనాల్, సైక్లోహెక్సనోన్ వస్తాయి. నైలాన్-6 అనే రకానికి ముడిసరుకైన కాప్రోలాక్టమ్‌కు దారి అక్కడి నుంచే. కానీ ఒక విడతలో నూటికి ఆరేడు పాళ్లకు మించి మారనివ్వరు. ఇంకా సాగనిస్తే చేతికొచ్చిన సరుకే ఆక్సిజన్ పాలై పాడైపోతుంది. మిగిలిందంతా వెనక్కి తెచ్చి మళ్లీ తిప్పుతారు. చారెడు సరుకు కోసం గంగాళం మరిగించడమన్నమాట.

ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో కర్మాగారంలో అలాంటి గంగాళాలు, అంటే రియాక్టర్లు, ఆరు, మెట్లు మెట్లుగా వరసలో ఉండేవి. 1974 మార్చిలో ఐదోది పగులిచ్చింది. దాన్ని తీసేసి, నాలుగునూ ఆరునూ ఒక గొట్టంతో కలిపారు. రంధ్రాల వెడల్పు 28 అంగుళాలు, దొరికిన గొట్టం 20. ఎత్తు తేడా వల్ల దానికి రెండు వంపులు పెట్టి, రెండు కొసలా సాగి ముడుచుకునే ముడతల గొట్టాలు (బెల్లోస్) తగిలించి, కింద సారువ కట్టారు. ఆ పనికి గీసిన నక్షా వర్క్‌షాపు నేల మీద సుద్దముక్కతో గీసిందొక్కటే. కుళాయి విప్పగానే వంగిన రబ్బరు గొట్టం ఎలా ఎగిరిపడుతుందో మనకు తెలుసు. లోపలి ఒత్తిడి ఈ గొట్టాన్నీ అలాగే మెలితిప్పుతుందని లెక్క వేసినవారు లేరు. వేయాల్సిన ఇంజనీరు కుర్చీ అప్పటికి ఖాళీ.

జూన్ 1, శనివారం సాయంత్రం 4:53. లోపల 155 డిగ్రీల వేడి, వాతావరణానికి దాదాపు తొమ్మిది రెట్ల ఒత్తిడి. ఈ ద్రవం మామూలుగా మరిగేదేమో 81 డిగ్రీలకే. గొట్టం తెగగానే, ఆవిరి పోకుండానే కుక్కర్ మూత ఊడినట్టు, టన్నులకొద్దీ ద్రవం మేఘమై లేచి ఎక్కడో నిప్పును తాకింది. 28 మంది పోయారు, వారిలో 18 మంది కంట్రోల్ రూములోనే. ఆ గది గంగాళాలకు అంత దగ్గరగా ఉండటం నాకు సుద్దగీతల కన్నా ఘోరంగా అనిపిస్తుంది. సెలవు రోజు కాబట్టి ఆవరణలో ఉన్నది 72 మందే.

తిరిగి కట్టినప్పుడు అక్కడ గాలి ఊదే పద్ధతి మానేసి ఫినాల్‌తో మొదలుపెట్టారు. 1981లో అదీ మూతపడింది. మిగతా ప్రపంచంలో మాత్రం చాలాచోట్ల ఇంకా గంగాళమే.